పాత మార్కులు ఎంతదాకా వెంట వస్తాయి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో కోటవురట్ల లాంటి మండల కేంద్రంలో ఎవరు ఎదురైనా అడిగేది ఒకటే: ‘ఎన్నొచ్చాయి?’ వెయ్యికి తొమ్మిది వందలు దాటిన పిల్లల ఫొటోలు ఫ్లెక్సీలెక్కుతాయి. బైపీసీలో ఆరు వందల దగ్గర ఆగిపోయిన అమ్మాయి ఆ వారమంతా గడప దాటదు. చిన్నప్పటి నుంచీ డాక్టరు కావాలన్న కోరిక ఆమెది. ఇంట్లో పెద్దవాళ్ళే తీర్పు చెప్పేస్తారు: ‘ఈ మార్కులకి మెడిసినేంటమ్మా, నర్సీపట్నంలో డిగ్రీలో చేర్పిద్దాం.’ పిల్ల మీద ప్రేమతోనే ఆ మాట అంటారు. కానీ అది పాతకాలం లెక్క. ఇప్పటి నిబంధనలకు ఆ లెక్క సరిపోదు.

వైద్య సీట్లకు ఎంసెట్ ఉన్న రోజుల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ప్రవేశపరీక్షలో ఎంత బాగా రాసినా ఇంటర్‌లో తగ్గిన మార్కులు ర్యాంకును కిందికి లాగేవి. ఆ రోజుల భయం ఇప్పటికీ చాలామంది తల్లిదండ్రుల మనసులో అలాగే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకు ఒక్కటే కొలత. ఇద్దరికి నీట్‌లో సమానంగా మార్కులు వస్తే ముందు బయాలజీ మార్కులు చూస్తారు, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్. అప్పటికీ తేలకపోతే ఒప్పులతో పోలిస్తే ఎవరి తప్పుల నిష్పత్తి తక్కువో చూస్తారు. ఈ వరసలో ఇంటర్ మెమో ఎక్కడా కనిపించదు. పదో తరగతిలో ఎన్ని వచ్చాయి, ఫస్టియర్‌లో ఏ పేపరు పోయింది, సప్లిమెంటరీలో గట్టెక్కారా అన్న సంగతులు ర్యాంకు దగ్గర ఎవరూ అడగరు.

మెమో అడ్డుపడగల చోట్లు రెండే. మొదటిది అర్హత శాతం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం, జనరల్ విభాగంలోని దివ్యాంగులకు 45 శాతం కావాలన్నది వైద్య ప్రవేశాల్లో చాలా ఏళ్ళుగా అడుగుతూ వచ్చిన గీత. ఏ ఏడాది నిబంధన ఆ ఏడాది నీట్ బులెటిన్‌లోనూ, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లోనూ ఉంటుంది. రెండూ చూసుకోవాలి. సైన్సు పేపర్లూ ప్రాక్టికల్సూ కలిపి 600 మార్కులుండే పాత పద్ధతిలో 50 శాతమంటే 300, 40 శాతమంటే 240. తెలుగో సంస్కృతమో ఇచ్చిన మార్కులు ఈ లెక్కలోకి రావు. మొత్తం మీద 620 వచ్చిన విద్యార్థికి సైన్సులో 300 ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. బాధపడే ముందు కాగితం, పెన్ను తీసుకుని కూడుకోవాలి. తక్కువ పడితే ఇంటర్ బోర్డు బెటర్‌మెంట్ అవకాశాన్ని వాడుకుని ఆ పేపర్లు మళ్ళీ రాయొచ్చు. ఏ పేపరులో పది మార్కులు పెరిగితే గీత దాటుతారో ముందే తేల్చుకుని ఆ ఒకటి రెండు పేపర్లకే ఫీజు కట్టడం మంచిది. అర్హత గీత దాటి ఉన్నవాళ్ళు 620ని 900 చేసుకోవాలని అన్ని పేపర్లూ తిరగరాస్తే నీట్‌కు ముందు దొరికే విలువైన వారాలు వృథా అవుతాయి. 2025లో సెకండియర్ పరీక్షలు మార్చిలో, నీట్ మే 4న జరిగాయి. ఈ మధ్యలో ఉండేది ఆరేడు వారాలే.

రెండో అడ్డంకి సబ్జెక్టు. ఎంపీసీలో చేరి, తర్వాత మనసు వైద్యం వైపు తిరిగిన పిల్లలకు ఇదివరకు దారి ఉండేది కాదు. జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో దాన్ని తెరిచింది. పన్నెండో తరగతి పాసైన తర్వాత కూడా గుర్తింపు పొందిన బోర్డులో బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కు వెళ్ళొచ్చు. ఈ మాట ఊళ్ళలో ఇంకా చాలామందికి చేరలేదు.

వయసుకూ పైహద్దు లేదు. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండితే చాలు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్క కూడా లేదు. ఒడిశాలో ఉద్యోగ విరమణ చేసిన ఒక బ్యాంకు అధికారి 2020లో నీట్ రాసి, 64వ ఏట బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరంలో చేరారు. అందరూ ఆయన దారిలోనే నడవాలని కాదు గానీ, 19 ఏళ్ళ పిల్లకు ‘వయసు దాటిపోయింది’ అని చెప్పే బంధువుల ముందు ఈ ఉదాహరణ పెట్టొచ్చు.

మార్కులు పోయినా కారణం పోదు

ఇంతవరకు విన్న విద్యార్థికి ప్రాణం లేచొస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. ఇంటర్ మార్కులు నీట్ హాల్లోకి రావు, నిజమే. ఆ మార్కులు తగ్గడానికి కారణమైన బలహీనత మాత్రం విద్యార్థితో పాటే వచ్చి పక్కన కూర్చుంటుంది. ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ మళ్ళీ రాసిన వాళ్ళలో చాలామందికి పెద్దగా పెరగకపోవడానికి అసలు కారణం ఇదే. సిలబస్ రెండోసారి వింటారు, నోట్సు రెండోసారి రాస్తారు, తప్పులు మాత్రం పాతవే చేస్తారు. బాగు చేసుకోవాల్సింది మెమోను కాదు, ఆ మెమోను అలా తయారుచేసిన అలవాట్లను.

కారణాలు ఇంటింటికీ వేరు. ఒకరికి ఎనిమిదో తరగతి నుంచీ లెక్కలు రావు, అందుకే ఫిజిక్స్‌లో సూత్రం గుర్తున్నా లెక్క తేలదు. ఒకరు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం ఇంటర్‌లో పడ్డారు. ప్రశ్న అర్థమయ్యేలోపే సమయం అయిపోతుంది. ఒకరికి ఇంట్లో జబ్బులు, పొలం పనులు, పెళ్ళిళ్ళతో కాలేజీ సగం రోజులు పోయింది. ఇంకొకరికి అన్నీ తెలుసు, పరీక్షలో చెయ్యి వణుకుతుంది. ఈ నలుగురినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే నలుగురి జబ్బుకూ ఒకే మాత్ర వేసినట్టవుతుంది.

మరి ఎవరి బలహీనత ఏమిటో ఎలా తేలుతుంది? టెస్టు రాసిన రోజు సాయంత్రమే తేలుతుంది. కోచింగులో వచ్చిన మార్కు చూసి పేపరు పక్కన పడేసే అలవాటు మానాలి. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన పెన్సిలుతో ఒక అక్షరం వెయ్యాలి. అసలు తెలియకపోతే ‘తె’, చదివి మరిచిపోతే ‘మ’, తొందరలో పోతే ‘తొ’, గుడ్డిగా పెట్టి ఉంటే ‘గు’. మొదటివారం పేపరు నిండా ‘తె’లే కనిపిస్తాయని అనుకుంటారు. లెక్కపెడితే చాలామందికి ‘మ’లూ ‘తొ’లే ఎక్కువ తేలతాయి. ‘సరికాని వాక్యాన్ని గుర్తించండి’ అని అడిగితే సరైన వాక్యానికి గుండ్రం నింపి వస్తారు. గ్రాముల్లో ఇచ్చిన బరువును కిలోల్లోకి మార్చకుండా లెక్క చేస్తారు, ఆ తప్పు జవాబు కూడా నాలుగు ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. మైటోసిస్ దశల వరస గత నెలలో వచ్చు, ఈ నెలలో తారుమారైంది. ‘తె’కు మందు పాఠం, ‘మ’కు మందు పునశ్చరణ. ‘తొ’కు మందు ప్రశ్నలో ‘కానిది’, ‘తప్ప’ లాంటి మాటల కింద గీత గీసే అలవాటు. ‘గు’కు ఒక్కటే మందు, చెయ్యి ఆపుకోవడం. ఆదివారం టెస్టు తర్వాత రెండు గంటలు ఈ పనికి ఇచ్చే విద్యార్థికి, సోమవారం నుంచి ఏం చదవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెయ్యి ఆపుకోవడం ఎంత ముఖ్యమో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 2025 నుంచి నీట్ మళ్ళీ 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల పద్ధతికి వచ్చింది. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 పోతుంది. ఒక విద్యార్థి 150 ప్రశ్నలు రాసి 110 ఒప్పు, 40 తప్పు చేస్తే 440లోంచి 40 పోయి 400 మిగులుతాయి. మరో విద్యార్థి 130 మాత్రమే ముట్టుకుని 108 ఒప్పు, 22 తప్పు చేస్తే 432లోంచి 22 పోయి 410. ఇరవై ప్రశ్నలు ఎక్కువగా వదిలేసిన విద్యార్థే ముందున్నాడు. పది మార్కులంటే ర్యాంకుల్లో వేల తేడా రావచ్చు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టడంలో తప్పులేదు. నాలుగూ ఒకేలా కనిపిస్తే వదిలేసి ముందుకు వెళ్ళాలి.

సబ్జెక్టుల బరువు కూడా బలహీన విద్యార్థికే అనుకూలంగా ఉంటుంది. 720లో బయాలజీకే 360. ఫిజిక్స్, కెమిస్ట్రీలు చెరో 180. లెక్కల భయం ఉన్నవాళ్ళు మొదటి మూడు నాలుగు నెలలు ఎన్సీఈఆర్టీ బయాలజీని బొమ్మలు, పట్టికలు, వాటి కింద రాసిన చిన్న వివరణలతో సహా పట్టేస్తే కాళ్ళ కింద నేల దొరుకుతుంది. దాంతో పాటే రోజూ ఒక గంట ఫిజిక్స్‌కు కావాల్సిన లెక్కలు (భిన్నాలు, ఘాతాంకాలు, సైన్ కాస్, గ్రాఫులు) పదో తరగతి స్థాయి నుంచి చెయ్యాలి. పద్దెనిమిదేళ్ళొచ్చి మళ్ళీ పదో తరగతి పుస్తకం తెరవడానికి చాలామంది సిగ్గుపడతారు. ఆ సిగ్గు దాటినవాళ్ళకే ఫిజిక్స్ వచ్చింది. తెలుగు మీడియం పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రంలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉంటాయి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది కాబట్టి సాంకేతిక పదాలు రెండు భాషల్లోనూ వచ్చి ఉండాలి.

మార్కులు పెరిగాయా లేదా అన్నది చూసుకోవడంలోనూ పొరపాటు పడతారు. 2024లో జనరల్ విభాగానికి నీట్ అర్హత మార్కు 162. 2025లో ఫిజిక్స్ కఠినంగా వచ్చి అది 144కు దిగింది. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్ళున్నారు, 2025లో దేశంలో మొదటి ర్యాంకుకు వచ్చినవి 686. 2024లో 600 వచ్చినా ఆలిండియా కోటాలో ఓపెన్ సీటు అందలేదు, మరుసటి ఏడాది 550కి అందింది. కాబట్టి నిరుటి కంటే ఇరవై మార్కులు తగ్గాయని కుంగిపోవడమూ, పెరిగాయని పొంగిపోవడమూ రెండూ తొందరే. చూడాల్సింది ర్యాంకు.

రెండుసార్లు తప్పిన మెట్రిక్, హార్వర్డ్ దాకా

చదువులో వెనకబడి వైద్యంలో పైకి వచ్చిన తెలుగువాళ్ళ గురించి చెప్పాలంటే ఎల్లాప్రగడ సుబ్బారావుతోనే మొదలుపెట్టాలి. ఆయన పేరు పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదివి వదిలేస్తారు. ఆయన మార్కుల చరిత్ర మాత్రం ఎవరూ చెప్పరు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు చదువు మీద ధ్యాస లేని పిల్లవాడు. పదమూడో ఏట కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలాడు, తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. అక్కడి నుంచి ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ.

కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. గాంధీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కోవడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. చివరికి సుబ్బారావుకు పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చారు. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరాలని ప్రయత్నిస్తే అదీ కాలేదు. ఆ కాలంలోనే ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికాడు. ఆ లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం చెబుతూ కుదురుకున్నాడు.

ఇప్పటి పిల్లలు నేర్చుకోవాల్సిన భాగం ఇక్కడే ఉంది. ఎల్ఎంఎస్‌ను ఎంబీబీఎస్‌గా మార్పించుకోవాలని ఆయన ఏళ్ళు ఖర్చు పెట్టలేదు. అమెరికాలో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరడానికి ప్రయత్నించాడు. ప్రవేశం వచ్చింది గానీ స్కాలర్‌షిప్ రాలేదు. మామగారు కొంత సర్దారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మూత్రపాత్రలు కడిగే పని. అక్కడ తెచ్చుకున్న డిప్లొమాతో బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1930లో పీహెచ్‌డీ. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కకపోతే 1940లో లెడర్లే ప్రయోగశాలకు వెళ్ళాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే మందైంది. బోదకాలుకు ఇచ్చే డీఈసీ, క్యాన్సర్ వైద్యంలో ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం కృషి నుంచి వచ్చినవే.

సుబ్బారావు పాత సర్టిఫికెట్టును దాచలేదు, దాన్ని దిద్దించుకోవడానికీ తిరగలేదు. దానికంటే కొత్త తేదీ ఉన్న పని చూపించాడు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇప్పటికీ ఇదే దారి. అక్కడి మెడికల్ స్కూళ్ళు ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష మార్కులతో పాటు కాలేజీలో వచ్చిన ప్రతి గ్రేడూ చూస్తాయి. ఒక కోర్సు మళ్ళీ చదివితే పాత గ్రేడు తీసేసే వెసులుబాటు ఆస్టియోపతిక్ కళాశాలల దరఖాస్తులో ఒకప్పుడు ఉండేది, 2017లో దాన్నీ ఎత్తేశారు. టెక్సస్‌లో మాత్రం పదేళ్ళు దాటిన పాత కోర్సులను పక్కన పెట్టమని అడిగే ‘అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్’ చట్టం ఉంది. మిగతావాళ్ళు డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్ళు సైన్సు కోర్సులు కొత్తగా చదివి, వరసగా మంచి గ్రేడ్లు చూపిస్తారు. అక్కడి పిల్లలు పాత గ్రేడ్లకు సంజాయిషీ రాసుకోవాలి. నీట్ రాసే కోటవురట్ల పిల్లకు ఆ కష్టం కూడా లేదు. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి దయగలది.

ఏడాది ఎక్కడ గడపాలి, ఎప్పుడు ఆపాలి

లాంగ్‌టర్మ్ అనగానే పెట్టె సర్ది విశాఖకో విజయవాడకో పంపెయ్యడం అలవాటైపోయింది. క్రమశిక్షణ కావాల్సిన పిల్లకు హాస్టల్ మేలు చేస్తుంది. ఇల్లు వదిలితే తిండి మానేసే పిల్లకు కీడే చేస్తుంది. చేర్చే ముందు ఫీజు కంటే ముఖ్యంగా మూడు సంగతులు అడగాలి. టెస్టు తర్వాత తప్పులు ఎవరు కూర్చోబెట్టి చూపిస్తారు? బ్యాచ్‌లో ఎంతమంది? పిల్లలను మార్కులను బట్టి విడదీస్తారా? ఈ మూడో ప్రశ్నకు చట్టం బలం కూడా వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023 జులైలో హాస్టల్లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని, వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. కూతురిని పోగొట్టుకున్న ఒక తండ్రి కోర్టు మెట్లెక్కి సాధించిన మార్గదర్శకాలివి. పిల్లలను చేర్పించే ప్రతి తల్లీ తండ్రీ వీటి గురించి సంస్థలో నోరు తెరిచి అడగాలి.

పిల్ల నిద్రపోకుండా, ఫోనెత్తకుండా, ‘నా వల్ల మీకు ఖర్చు’ అని పదే పదే అంటుంటే అది చదువు ఒత్తిడిలే అని వదిలెయ్యకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. అవసరమైతే ఆ వారం టెస్టు మానిపించి ఇంటికి తీసుకొచ్చెయ్యాలి. టెస్టులు వచ్చే వారమూ ఉంటాయి.

2025లో దేశంలో 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు, వాటిలోనూ దాదాపు సగం ప్రైవేటువి. అందుకే మొదలుపెట్టేటప్పుడే ఆపే తేదీ కూడా ఇంట్లో అందరూ కూర్చుని రాసుకోవాలి. మొదటి లాంగ్‌టర్మ్‌లో ర్యాంకు సగానికి పైగా మెరుగుపడితే రెండో ఏడాదికి అర్థం ఉంటుంది. కదలకపోతే మరో ఏడాది కదులుతుందని ఆశించడానికి ఆధారం ఉండదు, పద్ధతి పూర్తిగా మార్చుకుంటే తప్ప. ఆ ఏడాదిలోనే ఈఏపీసెట్ కూడా రాసి ఉంచుకోవాలి. దాంట్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, అగ్రికల్చర్, ఫార్మసీ కోర్సులకు అదే దారి. అర్హత గీత దాటినవాళ్ళకు బెటర్‌మెంట్ ఉపయోగపడేది ఇక్కడే. ఆయుర్వేదం, హోమియో సీట్లకు నీట్ ర్యాంకే సరిపోతుంది.

బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ, ఫిజియోథెరపీ లాంటి చదువులను ‘మెడిసిన్ రానివాళ్ళ చదువు’ అనే మాట మానెయ్యాలి. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది చనిపోయారు. కాలిన గాయాలతో మనుషులు వచ్చే అలాంటి రోజున అత్యవసర వార్డులో డాక్టరు ఒక్కరే ఏమీ చెయ్యలేరు. డ్రెస్సింగు తెలిసిన నర్సు, రక్తం గ్రూపు తేల్చే టెక్నీషియన్, మందుల లెక్క తప్పని ఫార్మసిస్టు అందరూ కావాలి. ఈ మండలానికి ఈ నలుగురూ ఇంకా కావాలి.

ర్యాంకు రాని ఇంటికి జూన్‌లో కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. విదేశీ ఎంబీబీఎస్ తప్పుడు దారి కాదు గానీ నీట్‌లో కనీస అర్హత లేకుండా వెళ్ళి చదివితే ఇక్కడ చెల్లదు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, పాఠాలు ఇంగ్లీషులో జరగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ ఆ సంస్థలోనే చెయ్యాలి, చదివిన దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత రావాలి. తిరిగొచ్చాక ఇక్కడ లైసెన్సు పరీక్ష, మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ షరతులన్నీ ఆ కాలేజీకి ఉన్నాయో లేదో కాగితం మీద చూపించలేని ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకూడదు. పైగా ఫిజిక్స్ రాని విద్యార్థికి విదేశంలో ఫిజియాలజీ తేలిక కాదు. ఇక్కడ బాగు చేసుకోని అలవాటు విమానమెక్కి వెంట వస్తుంది.

ర్యాంకు వచ్చినవాళ్ళకు మిగిలేది కాగితాల పని. లాంగ్‌టర్మ్ పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, పది, ఇంటర్ మెమోలు, టీసీ, కుల ధ్రువపత్రం, నీట్ ర్యాంకు కార్డు సిద్ధంగా ఉండాలి. సప్లిమెంటరీయో బెటర్‌మెంటో రాసినవాళ్ళ దగ్గర అన్ని మెమోలూ ఉండాలి, చివరిది ఒక్కటీ చాలదు. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరం మారగానే చెల్లదు కాబట్టి ఏప్రిల్ తర్వాత కొత్తది తీసుకోవాలి. ఆలిండియా కోటాలో బీసీ రిజర్వేషన్ కావాలంటే కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరే కావాలి. సచివాలయంలో దరఖాస్తు చేసుకుని తహసీల్దారు సంతకం వచ్చేదాకా పట్టే రోజులు లెక్కేసుకుంటే, నీట్ రాసొచ్చిన మర్నాడే ఈ పని మొదలుపెట్టడం నయం.

రాష్ట్ర కోటాలో కోటవురట్ల విద్యార్థి ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తుంది, ఆ ప్రాంతం సీట్లలో 85 శాతం స్థానికులవి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ‘మనకు వచ్చేది ఇదే’ అని చిన్న కాలేజీని పైన పెట్టేస్తే, పై కాలేజీలో సీటు అందే ర్యాంకున్నా కిందిదే వస్తుంది. కోరికను బట్టి వరస రాయాలి, అందుతుందో లేదో ర్యాంకు చూసుకుంటుంది. విశాఖలో 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ ముందా, కాకినాడ రంగరాయ ముందా, శ్రీకాకుళం, విజయనగరం ఎక్కడ, ప్రైవేటు కాలేజీల్లోని కన్వీనర్ సీట్లు ఎన్నో వరసలో అన్నది ఫలితాలు రాకముందే ఇంట్లో కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాసిపెట్టుకుంటే, ఆప్షన్లకు ఇచ్చే రెండు మూడు రోజుల్లో నెట్ సెంటర్‌లో ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.